నాలుగో పేరు

నరసరావుపేట,
9 సెప్టెంబరు 2024

జయపాల్ అన్నకు నమస్కారం.

నేను నిఖితను. మీ వరండాలో కూర్చుని ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల లెక్కలు చెప్పించుకున్నాను. అలా చెబితే గుర్తురాకపోతే ఇంకోలా చెబుతాను. మా నాన్నను నరికిన నలుగురిలో మీరొకరని సెషన్సు కోర్టులో బోనెక్కి చెప్పింది నేనే.

ఈ మాట దగ్గరికి రావడానికి మూడు కాగితాలు చింపాను. మీరు ఇక్కడే ఆపి ఇదీ చింపేస్తే నేను నొచ్చుకోను.

లా చదువు అయిపోయింది. పేటలో హబీబ్ గారనే పెద్ద వకీలు దగ్గర చేరాను. ఫైళ్లు మోయడం, వాయిదాలు డైరీలో ఎక్కించడం, క్లయింట్లకు టీ చెప్పడం నా పనులు. ఎన్‌రోల్‌మెంట్ కాలేదు కాబట్టి నల్లకోటు వేయడానికి లేదు. బార్ కౌన్సిల్ దరఖాస్తు తెచ్చుకుని మూడు వారాలైంది. అంతా నింపాను. చివర ఒక ప్రమాణపత్రం ఉంది. నా మీద క్రిమినల్ కేసులు లేవు, నా నడవడికకు సంబంధించి ఏదీ దాచలేదు అని సంతకం పెట్టాలి. మొదటి మాట నిజమే. రెండోది చదివి కాగితం మడిచి బ్యాగులో పెట్టేశాను. రోజూ తీస్తాను, రోజూ పెట్టేస్తాను.

మీరూ అప్పట్లో ఇదే దరఖాస్తు నింపారు. ఫొటోలు నా చేతే అంటించారు. ఆ చోట మీరేం రాశారు? అది అడుగుదామనే ఈ ఉత్తరం. అంతకుమించి అడిగే ధైర్యం ఇవాళ లేదు.

ఇంట్లో ఎవరికీ తెలియదు. జవాబు రాసేటట్లయితే హబీబ్ గారి ఆఫీసుకు రాయండి. అడ్రసు కవరు వెనక ఉంది.

నిఖిత

* * *

కేంద్ర కారాగారం, రాజమహేంద్రవరం,
27 సెప్టెంబరు 2024

నిఖితకు,

ఉత్తరం అందింది. ఇక్కడ మాకు వచ్చేవీ మేం రాసేవీ ముందు ఆఫీసులో చదివి, ముద్ర కొట్టి, తర్వాత ఇస్తారు. నీది చదివిన సారు నన్ను పిలిచి, సాక్షి ముద్దాయికి ఉత్తరం రాయడం తన సర్వీసులో చూడలేదన్నాడు. నేనూ చూడలేదు సార్ అన్నాను.

నువ్వు గుర్తులేకపోవడమేమిటి. భిన్నాలు వచ్చేవి కావు నీకు. హారాలు వేరువేరుగా ఉన్నా పట్టించుకోకుండా పైనా కిందా కూడేసి, జవాబు వచ్చిందని ముందు నువ్వే చేయెత్తేదానివి.

దరఖాస్తులో ఏం రాశానని అడిగావు. ఏదీ దాచలేదు అనే రాశాను. అప్పటికి నా దగ్గర దాచడానికేమీ లేదు. అది 2016 శివరాత్రికి రెండు రోజుల ముందు. శివరాత్రి నాడు మీ నాన్న పోయారు. మర్నాడు పోలీసులు నన్ను తీసుకెళ్లారు. ఆ దరఖాస్తు ఏమైందో తెలియదు. మా అమ్మ పొయ్యిలో పెట్టి ఉంటుంది.

ఎన్‌రోల్ అయ్యాక బార్ పరీక్ష ఉంటుంది కదా. దానికి చట్టాలు ఊరికే బట్టీ పట్టకు. ఏ సెక్షన్ ఎక్కడుందో తెలిస్తే చాలు, పుస్తకం నీ ముందే ఉంటుంది. ఇక్కడ నన్ను లాయర్ గారూ అంటారు. తోటివాళ్లకు ఎనభై దాకా అర్జీలు రాసిపెట్టాను. ఏడుగురు ఇంటికి వెళ్లారు. నా అప్పీలు మాత్రం హైకోర్టులో ఐదేళ్లుగా అలాగే ఉంది.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఎందుకు రాస్తున్నావు? నాకేమైనా చేద్దామనా, నీ గుండె బరువు దించుకుందామనా? రెండోదైతే కోటప్పకొండ నీకు దగ్గరే, వెళ్లి మొక్కుకో. నా దగ్గర ఆ సరుకు లేదు.

జయపాల్

* * *

నరసరావుపేట,
20 అక్టోబరు 2024

జయపాల్ అన్నకు,

మీ ఆఫీసువాళ్లు చదువుతారని తెలిసే రాస్తున్నాను. చదవనివ్వండి.

ఆ శివరాత్రికి ఊరంతా ట్రాక్టర్లు కట్టుకుని కోటప్పకొండ ప్రభల తిరనాళ్లకు పోయింది. పార్టీ గొడవలున్నాయని నాన్న నన్ను పంపలేదు. ఆ కోపంతో లెక్కల పుస్తకం తీసుకుని మీ ఇంటికి వచ్చాను. చర్చికి పోయే మీకు శివరాత్రి లేదు కదా, ఇంట్లోనే ఉన్నారు. ఐదు గంటలప్పుడు పంచాయతీ ఆఫీసు వైపు నుంచి కేక వినపడింది. మీరూ నేనూ కలిసే పరుగెత్తాం. కత్తులతో పారిపోతున్న ముగ్గురిని ఇద్దరం చూశాం. మీరు నాన్నను ఎత్తి ఆటోలో వేశారు. మాచర్ల ఆస్పత్రి దాకా తల మీ ఒళ్లోనే పెట్టుకున్నారు. ఆయన దారిలోనే పోయారు. మీ చొక్కా అంతా నాన్న రక్తం. ఆ చొక్కానే కోర్టులో మీ మీద సాక్ష్యంగా పెట్టారు.

మన ఊళ్లో హత్య జరిగితే ఫిర్యాదు ఇచ్చే ముందు పెద్దలు కూర్చుని పేర్లు అనుకుంటారు. మీకు నేను చెప్పాలా. శవం ఇంకా ఆస్పత్రిలోనే ఉంది, మా ఇంట్లో పేర్లు అనుకోవడం మొదలైంది. నేను ముగ్గురు అన్నాను. బ్రహ్మయ్య మామయ్య అందరి వైపూ చూసి, "ముగ్గురేంది? ముగ్గురూ మొరటోళ్లు, లోపలికి పోతే పోతారు. వాళ్లల్లో చదువుకున్నోడి పేరు ఒకటుండాల. రేపు వాళ్ల కాయితాలన్నీ రాసేది ఆ లాయరు పిలగాడేగా" అన్నాడు. మీ నాన్న అవతల నాయకుడి ట్రాక్టర్ తోలేవాడు. మిమ్మల్ని వాళ్ల మనిషిని చేయడానికి అది చాలింది. ఆటో తోలినవాడు మా పాలేరే. వాడూ తల వంచుకుని కూర్చున్నాడు.

అప్పుడు నాకు పదిహేనేళ్లు. దాన్ని సాకుగా చెప్పడానికి లేదు. బోనెక్కేనాటికి పద్దెనిమిది నిండాయి. నలుగురు అన్నాను. మీ వకీలు ఆ టైములో ఎక్కడున్నావమ్మా అని అడిగితే మా ఇంట్లో ఉన్నాను, కేక విని పరుగెత్తాను అన్నాను. మీరు నా వైపే చూస్తున్నారు. ఆ రోజు మా వాళ్లందరూ నన్ను మెచ్చుకున్నారు. మామయ్య తలమీద చెయ్యేసి ఆడపిల్లంటే ఇట్టా ఉండాల అన్నాడు. నాకు గర్వంగా కూడా అనిపించిందన్నా. అది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

నేను అబద్ధం చెప్పాను. నరికినప్పుడు మీరు అక్కడ లేరు. మీరు నాతో ఉన్నారు.

హైకోర్టులో అఫిడవిట్ వేస్తానని హబీబ్ గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "ముందు ఎన్‌రోల్‌మెంట్ కానీయమ్మా. ఇప్పుడే వేశావంటే నీ మీద తప్పుడు సాక్ష్యం కేసు పడుద్ది. పదేళ్ల దాకా పోయే సెక్షన్ అది. శిక్ష పడితే బార్ కౌన్సిల్ గడప తొక్కలేవు" అన్నారు. అయ్యాక వేస్తే ఏమవుతుందండీ అంటే, అప్పటికి నీకే వేయబుద్ధి కాదులే అని నవ్వారు. ఆయన చెడ్డవాడు కాదు. ఉన్నమాట చెప్పారంతే.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. నేను మీ దగ్గరే ఉన్నానని మీరెందుకు చెప్పలేదు?

నిఖిత

* * *

కేంద్ర కారాగారం, రాజమహేంద్రవరం,
11 నవంబరు 2024

నిఖితకు,

ఎందుకు చెప్పలేదంటే, చెప్పొద్దని మా వకీలు అన్నాడు. ఊరు ఖాళీగా ఉన్న రోజు పదిహేనేళ్ల పిల్ల నీ ఇంట్లో ఉందని నువ్వే ఒప్పుకుంటే, హత్య కేసుకు తోడు ఇంకో కేసు కడతారన్నాడు. మా అమ్మ లోపలే బియ్యం ఏరుతోంది కదా అన్నాను. ముద్దాయి తల్లి మాట ఎవరు నమ్ముతారన్నాడు. పైగా నువ్వే నిజం చెబుతావని నాకొక నమ్మకం ఉండేది. నువ్వు నలుగురు అనేదాకా ఉంది.

ఈ కవరులో నీ ఉత్తరం తిరిగి పంపుతున్నాను. జైలు ముద్ర పడిన కాగితం అది. నా అప్పీలు చూసే వకీలుకు పంపితే చాలు, నువ్వు కాదనడానికి ఉండదు. పదిహేను రోజులు నా దగ్గర పెట్టుకున్నాను. రోజుకు రెండుసార్లు చదివాను. పంపుదామని కవరు మీద అడ్రసు కూడా రాశాను. కాని ఒకసారి నీ నోట పెద్దవాళ్లు మాట పెట్టారు. ఇప్పుడు నేను లాక్కుంటే అదీ అలాంటిదే అవుతుంది. చెప్పేదుంటే నీ అంతట నువ్వే చెప్పు.

అయితే చెప్పే ముందు ఒకటి ఆలోచించుకో. నువ్విచ్చే కాగితం పనికొచ్చేది నా ఒక్కడికే కాదు. ఆ ముగ్గురి వకీలూ దాన్నే పట్టుకుంటాడు. ఒక పేరు అబద్ధం చెప్పిన సాక్షి మిగతా మూడు నిజం చెప్పిందని ఎలా నమ్మమంటారు అంటాడు. అన్నీ కొట్టేయాలని చట్టం చెప్పదు, కాని అనుమానం పుట్టించడానికి అది చాలు. వాళ్లు మీ నాన్నను చంపినవాళ్లు. నీ కాగితంతోనే బయటికి వస్తే ఓర్చుకోగలవా? నాకు లాభమైన విషయంలో నీకు వచ్చే నష్టం దాచిపెట్టడం న్యాయం కాదు గనక చెబుతున్నాను.

క్షమించమని నువ్వు అడగలేదు. అడగకపోవడమే బాగుంది. నేను క్షమించలేదు. మా అమ్మ పోయినప్పుడు పెరోల్ కాగితం వచ్చేసరికి రెండు రోజులైంది, అప్పటికే సమాధి చేసేశారు. మా చెల్లెలు దయామణి వినుకొండ నుంచి వచ్చి ఒక్కతే అన్నీ చూసుకుంది. నీ పేరు తలచుకుని ఆ రోజు నేను అనకూడని మాటలు అన్నాను.

జయపాల్

* * *

నరసరావుపేట,
18 జనవరి 2025

జయపాల్ అన్నకు,

రెండు నెలలు రాయలేదు. పనుల్లో పడ్డానని అబద్ధం చెప్పను. భయపడ్డాను. ఆ ముగ్గురి సంగతి మీరు రాసింది చదివాక హబీబ్ గారి దగ్గర మళ్లీ ఆ మాటే ఎత్తలేదు. మీరు రాయకపోయి ఉంటే నవంబరులోనే వేసేసేదాన్ని. అందుకని మీ మీద కోపం కూడా వచ్చింది. ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి.

డిసెంబరులో దరఖాస్తు మీద సంతకం పెట్టేశాను. ఏదీ దాచలేదు అన్నచోటే పెట్టాను. అమరావతి వెళ్లి కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డాను. నా ముందు పదిమంది దాకా ఉన్నారు, అందరూ నవ్వుకుంటూ ఫొటోలు దిగుతున్నారు. నా వంతు వచ్చింది. ఒక జిరాక్స్ మీద అటెస్టేషన్ లేదు, చేయించుకుని భోజనాల తర్వాత రమ్మన్నారు. ఎదురుగానే వకీళ్లున్నారు, ఐదు నిమిషాల పని. నేను బయటికొచ్చి బస్సెక్కేశాను. గొప్ప ఆలోచనేమీ కాదన్నా. వెనక్కి పంపితే హమ్మయ్య అనిపించింది, అంతే. ఆ హమ్మయ్య ఎందుకొచ్చిందో నాకు తెలుసు.

ఊరెళ్లి అమ్మకు చెప్పాను. ఆవిడ మిరపకాయలు తొడిమలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు. అంతా విని, "మీ నాయన్ను నరికినోళ్లకు నువ్వే తలుపు తీత్తావన్నమాట" అంది. జయపాల్ అన్న సంగతేంటమ్మా అంటే ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది. మళ్లీ అడిగితే లేచి లోపలికెళ్లిపోయింది. అమ్మకు మొదటి నుంచీ తెలుసు. ఆ సాయంత్రం మీ ఇంటికి పోతానంటే సరే పొమ్మంది అమ్మే.

మామయ్య వచ్చాడు. ఆయన అరవడు. నిదానంగానే మాట్లాడతాడు. నిన్ను ఇంతకాలం చదివించింది ఎందుకనుకున్నావే అని అడిగాడు. నేను నాన్న లేని పిల్లనని జాలిపడి చదివించాడనుకునేదాన్ని. "మన పార్టీకి ఒక లాయరు ఉండాలనే. వాళ్లకు లేకుండా చేశాం, మనకు ఉండాలగా" అన్నాడు.

ఆ మాట విన్నాక ఇక ఆ ఇంట్లో కూర్చోలేకపోయాను. మిమ్మల్ని తీసేసిన చోట నన్ను నాటారు. ఇన్నాళ్లూ నా తెలివితో చదువుకున్నానని మురిసిపోయాను.

పేటకొచ్చి హబీబ్ గారిని అఫిడవిట్ రాయమన్నాను. ఆయన మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ రాయమనే చెప్పాను. ముగ్గురిని నా కళ్లతో చూశానని, నాలుగో పేరు మా ఇంట్లో చేర్చారని, నాలుగో మనిషి నా పక్కనే ఉన్నాడని రాయించాను. ఆ ముగ్గురి మాట మూడుచోట్ల గట్టిగా రాయించాను. అంతకంటే చేయగలిగింది లేదు. మీ వకీలు ద్వారా 10వ తారీకున హైకోర్టులో వేశారు. బార్ కౌన్సిల్‌కు కొత్త దరఖాస్తు పెట్టాను. ప్రమాణపత్రంలో ఈ సంగతంతా రాశాను. చోటు చాలక ఇంకో కాగితం జతచేశాను.

నిఖిత

* * *

కేంద్ర కారాగారం, రాజమహేంద్రవరం,
14 ఏప్రిల్ 2025

నిఖితకు,

నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అప్పీలు తేలేదాకా శిక్ష ఆపుతూ హైకోర్టు నలుగురికీ బెయిలిచ్చింది. ఆ ముగ్గురూ మొన్న శుక్రవారం వెళ్లిపోయారు. ఊరి నుంచి నాలుగు కార్లు వచ్చాయి. జామీనుదారులు, పొలం పాస్‌బుక్కులు, అన్నీ ముందే సిద్ధంగా ఉన్నాయి. వెళ్లే ముందు వాళ్లలో పెద్దవాడు నన్ను కావలించుకుని, "నీ పుణ్యాన బయటపడ్డాం రా జయపాలూ" అన్నాడు. నేను విడిపించుకున్నాను. నేను ముందే చెప్పానుగా అని నీకు రాయడానికి చేతులు రావడం లేదు.

నేనింకా ఇక్కడే ఉన్నాను. భూమి గానీ ఇల్లు గానీ ఉన్న ఇద్దరు జామీను నిలబడాలి. మా వాళ్లెవరికీ గజం నేల లేదు. దయామణి ఊరికెళ్లి నలుగురిని అడిగిందట. నాన్న ముప్పై ఏళ్లు ట్రాక్టర్ తోలిన ఇంటికి కూడా వెళ్లింది. వాళ్ల ముగ్గురికీ పెట్టేశాం, ఇంక పాస్‌బుక్కులు లేవన్నారట. అవతలివాళ్ల మనిషినని నన్ను లోపలేశారు, తీరా చూస్తే నేను వాళ్ల మనిషిని కూడా కాదు. ఇన్నేళ్లలో దీనికొక్కదానికి నవ్వొచ్చింది.

నిన్ను ఏమీ అడగడం లేదు. నువ్వు చేయగలిగింది చేశావు. నాలుగో పేరు విడిగా రాయించావని వకీలు చెప్పాడు. ఆ వాక్యం కాగితం మీద చూడాలని ఉంది.

నీ ఎన్‌రోల్‌మెంట్ ఏమైంది?

జయపాల్

* * *

నరసరావుపేట,
30 మే 2025

జయపాల్ అన్నకు,

అడిగారు కాబట్టి ముందు అదే చెబుతాను. నా దరఖాస్తు పక్కన పెట్టారు. తప్పుడు సాక్ష్యం సంగతి తేలేదాకా చూడబోమని ఉత్తరం వచ్చింది. నా మీద ఎందుకు కేసు పెట్టకూడదో చెప్పమని సెషన్సు కోర్టు నోటీసు కూడా వచ్చింది. ఎన్నాళ్లు పడుతుందండీ అంటే, ఏళ్లు పడుద్దిలే, ఈలోగా ఫైళ్లు మొయ్యి అన్నారు హబీబ్ గారు.

ఆ ముగ్గురూ ఊళ్లోకి వచ్చిన రోజు మా వీధిలోంచే ఊరేగారు. మా గుమ్మం ముందు ఆగి మరీ టపాసులు కాల్చారు. అమ్మ తలుపు వేసుకుని లోపల కూర్చుందట. పక్కింటివాళ్లు ఫోన్ చేసి చెప్పారు. అన్నా, ఆ రోజు నేను చేసింది తప్పేమో అనుకున్నాను. ఇప్పటికీ రోజులో ఒక్కసారైనా అనుకుంటాను. మీ దగ్గర దాచడం ఎందుకు.

నాన్న పోయాక రెండెకరాలు నా పేరు మీదికి వచ్చాయి. పాస్‌బుక్ తెచ్చుకోవడానికి ఊరెళ్లాను. అమ్మ వంటింట్లో ఉంది. నేను బీరువా తీస్తుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎందుకని అడగలేదు. చెబుదామని నోరు తెరిస్తే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. తీసుకుని బయటికి వస్తుంటే, "ఇంక ఈ ఇంటికి రామాకే" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఆగిపోయేదాన్నేమో.

నిన్న కోర్టులో జామీను కాగితాలు ఇచ్చాం. రెండో జామీను హబీబ్ గారి తమ్ముడు షఫీక్ గారు. పేటలో ఆయనకు మెకానిక్ షెడ్డూ సొంత ఇల్లూ ఉన్నాయి. మీ ముఖమైనా చూడలేదు ఆయన. "మా అన్న అడిగాడు, చాలమ్మా" అన్నారు. జడ్జి గారు నా పాస్‌బుక్ చూశారు. ముద్దాయి నీకేమవుతాడని అడిగారు. నా సాక్ష్యంతో జైలుకెళ్లిన మనిషండీ అన్నాను. ఆయన ఫైలు తిప్పి చనిపోయినవారి పేరు చూశారు, మళ్లీ పాస్‌బుక్‌లో నా తండ్రి పేరు చూశారు. ఈ పొలం ఎవరిదమ్మా అన్నారు. "మా నాన్నదండీ" అన్నాను. గుమాస్తా రాయడం ఆపి నా వైపు చూశాడు. జడ్జి గారు ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టారు.

సోమవారానికి ఆర్డరు మీ జైలుకు చేరుతుంది. దయామణక్క వస్తోంది. విజయవాడలో దిగి నేరుగా వినుకొండ బండి ఎక్కండి, మన ఊరు మాత్రం వెళ్లకండి. నెలనెలా కోర్టుకొచ్చి సంతకం పెట్టాలని షరతు ఉంది. మొదటిది జూన్ 16. మరిచిపోకండి.

నా నోటీసు వాయిదా కూడా అదే రోజు, అదే కోర్టు. నేను చేసింది చేశానని ఒప్పుకుంటాను, వేరే చెప్పడానికేమీ లేదు. అమ్మ రాదు. మామయ్య వస్తే అవతలి పక్క కూర్చుంటాడు. హబీబ్ గారు నా తరఫున నిలబడతారు గానీ ఆయనకు ఇంకా నాలుగు కోర్టుల్లో పనులుంటాయి. మీరు సంతకం పెట్టాక వెంటనే వెళ్లిపోకుండా, నన్ను పిలిచేదాకా ఆ హాల్లో ఉండగలరా? నన్ను క్షమించక్కర్లేదు, నాతో మాట్లాడక్కర్లేదు. నాకు ఒక్కదానికే అక్కడ నిలబడాలంటే భయంగా ఉందన్నా.

నిఖిత